అస్థి సందేశం

మన భాషలో ఎముకకు దక్కిన మర్యాద తక్కువ. చిక్కి శల్యమైన మనిషిని 'ఎముకల గూడు' అంటాం. ఓర్వలేని చలిని 'ఎముకలు కొరికే చలి' అంటాం. నోటికి వచ్చినట్లు మాట్లాడేవాణ్ణి చూసి 'నాలుకకు ఎముక లేదు కదా' అని సరిపెట్టుకుంటాం. అడిగినవారికి లేదనకుండా ఇచ్చే దాతను 'ఎముక లేని చేయి' అని కొనియాడతాం. ఈ పలుకుబడులన్నింటిలోనూ ఎముక అంటే బిగింపు, కాఠిన్యం, జడత్వం. దహనసంస్కారం ముగిసిన తరువాత చితిలో మిగిలేది ఎముకే కనుక, అది ప్రాణంతో నిమిత్తం లేని వస్తువన్న భావం మన మనసులలో తరతరాలుగా స్థిరపడిపోయింది.

పురాణ వాఙ్మయంలో మాత్రం ఎముకకు ఒక మహోన్నత స్థానం ఉంది. పోతన మహాకవి పేరిట సుప్రసిద్ధమైన ఆంధ్ర మహాభాగవతంలో షష్ఠ స్కంధాన్ని తెనిగించినవాడు ఏర్చూరి సింగన. వృత్రాసురుణ్ణి సంహరించే ఆయుధం కోసం దేవతలు దధీచి మహర్షిని ఆశ్రయించడం, ఆయన యోగబలంతో దేహాన్ని త్యజించి తన అస్థులను వారికి అర్పించడం, విశ్వకర్మ వాటితో వజ్రాయుధాన్ని నిర్మించడం ఆ స్కంధంలోని కథ. ఈ కథను నేను తరగతి గదిలో ఎన్నోమార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఎముకను దానం చేయాలంటే ప్రాణాన్ని విడవక తప్పదు కాబోలు అనుకొనేవాణ్ణి. మనిషి బ్రతికి ఉండగానే, అతనికి తెలియకుండానే, ఎముక తక్కిన దేహానికి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుందని శరీరశాస్త్రం ఇటీవలి కాలంలో చెప్పింది. ఆ మాట ఎంతవరకు రుజువైంది, దానిని మనం ఏ విధంగా స్వీకరించాలి అన్నదే ఈ వ్యాసంలో నేను విన్నవించదలచిన విషయం.

ఎముక జడపదార్థం కాదు, జీవమున్న అవయవం. ప్రౌఢ మానవ దేహంలో 206 ఎముకలు ఉంటాయి. దేహంలోని కాల్షియంలో సుమారు 99 శాతం ఎముకలలోను, దంతాలలోను నిక్షిప్తమై ఉంటుంది. ఎముకలో రెండు రకాల పనివారు నిరంతరం శ్రమిస్తుంటారు. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముకను నిర్మిస్తాయి. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ఆమ్లాన్ని స్రవించి పాత ఎముకను కరిగిస్తాయి. ఈ విధంగా ఏటా మన అస్థిపంజరంలో సుమారు పదోవంతు కొత్తదవుతుంది. ఉన్న ఇంటిలోనే కాపురం ఉంటూ, ఏడాదికొక గోడ చొప్పున విప్పి మళ్లీ కట్టుకొనే గృహస్థు వంటిది మన శరీరం. ఇంతటి పని జరగడానికి శక్తి కావాలి. ఆ శక్తి ఆహారం నుండి, ముఖ్యంగా రక్తంలోని గ్లూకోజు నుండి రావాలి. అటువంటప్పుడు, తనకు కావలసిన శక్తి విషయంలో ఎముక తక్కిన అవయవాలతో ఏమీ సంప్రదించకుండా మౌనంగా ఉంటుందా అన్న సందేహం కొందరు శాస్త్రజ్ఞులకు కలిగింది.

అవయవాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే భాష హార్మోన్లు. ఒకచోట పుట్టి, రక్తప్రవాహంలో పయనించి, దూరాన ఉన్న మరొక అవయవానికి పని అప్పగించే రసాయన దూతలు అవి. మన సాహిత్యంలో సందేశకావ్యాలు ఉన్నట్లే దేహంలో ఈ సందేశ వ్యవస్థ ఉంది. ఎముక కూడా ఇటువంటి సందేశాలను పంపుతుందన్న విషయంలో నేడు వివాదం లేదు. 2000 సంవత్సరంలో గుర్తించిన ఎఫ్.జి.ఎఫ్.-23 అనే హార్మోన్ ఎముకలో పుట్టి, మూత్రపిండాలను చేరి, రక్తంలో ఫాస్ఫేటు పాలు ఎంత ఉండాలో నిర్ణయించడంలో ప్రధానపాత్ర వహిస్తుంది. కనుక ఎముక మూగది కాదు. అయితే అది రక్తంలోని చక్కెరను గురించి కూడా మాట్లాడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న మనకు ఎంత ముఖ్యమో వివరించనవసరం లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి, 2023లో ప్రకటితమైన సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. మీలో చాలామంది ఇళ్లలో అమ్మమ్మకో, తాతయ్యకో, నాన్నకో ఈ వ్యాధి ఉండే ఉంటుంది. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తే, దాని ఆదేశం మేరకు కండరాలు, కొవ్వు కణాలు ఆ గ్లూకోజును స్వీకరిస్తాయి. ఇన్సులిన్ చాలకపోయినా, కణాలు దాని మాట వినకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అదే మధుమేహం.

ఇక ఎముక సంగతి. ఆస్టియోబ్లాస్టులు తయారుచేసే ఆస్టియోకాల్సిన్ అనే చిన్న ప్రొటీనును శాస్త్రజ్ఞులు 1970వ దశకంలోనే గుర్తించారు. విటమిన్ కె సహాయంతో ఈ ప్రొటీనులో మూడుచోట్ల జరిగే మార్పు వల్ల అది కాల్షియాన్ని పట్టుకొని ఎముకలో స్థిరంగా నిలుస్తుంది. చాలాకాలం దాని పని అంతటితో సరి అనుకున్నారు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్డ్ కార్సెంటీ బృందం 2007లో ఒక కొత్త విషయాన్ని ప్రకటించింది. ఆస్టియోకాల్సిన్ జన్యువు లేకుండా పెంచిన ఎలుకలు లావెక్కాయి. వాటి రక్తంలో చక్కెర పెరిగింది. ఇన్సులిన్ తగ్గింది. ఆ పరిశోధకుల వివరణ ప్రకారం, ఎముకకు పూర్తిగా అతుక్కోని ఆస్టియోకాల్సిన్ రక్తంలో కలిసి, క్లోమాన్ని చేరి ఇన్సులిన్ ఉత్పత్తిని హెచ్చిస్తుంది. కొవ్వు కణాలను చేరి, ఇన్సులిన్ మాటను తక్కిన కణాలు వినేటట్లు చేసే మరొక హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది.

2010లో వెలువడిన పరిశోధనలు ఈ కథను మరికొంత ముందుకు నడిపాయి. ఇన్సులిన్ కూడా ఎముకకు తన సందేశం పంపుతుందట. దాని ప్రేరణతో పాత ఎముక కరిగే పని చురుకెక్కుతుంది. అక్కడి ఆమ్ల వాతావరణంలో ఆస్టియోకాల్సిన్ బంధం సడలి, అది రక్తంలోకి వస్తుంది. వచ్చి మళ్లీ ఇన్సులిన్‌ను పెంచుతుంది. అంటే క్లోమానికి, ఎముకకు నడుమ ఉత్తర ప్రత్యుత్తరాలు సాగుతున్నాయన్నమాట. 2017లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన మరొక బృందం, లైపోకాలిన్-2 అనే ప్రొటీను కూడా ఎముకలో పుట్టి, మెదడును చేరి, ఆకలిని అణచివేస్తుందని ఎలుకలలో చూపింది. వినడానికి ఎంత ఆనందంగా ఉంది! దధీచి కథ చదువుకొన్న నావంటివానికి ఎముక ఇంత దాత అని తెలిసినప్పుడు కలిగిన పులకింత చెప్పనలవి కాదు.

కాని ఆ పులకింతలో ఒక ప్రమాదం కూడా ఉందని మా ఇంట జరిగిన ఒక ఘటన నాకు నేర్పింది. మా అమ్మ ఇరవై ఏళ్లపాటు మధుమేహంతో జీవించింది. ఒకనాటి తెల్లవారుజామున పెరట్లో తులసికోట వద్ద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఎముక సాంద్రత పరీక్షలో పెద్ద లోపమేమీ కనిపించలేదు. మరి ఎందుకు విరిగిందని అడిగితే వైద్యుడు, "ఏళ్ల తరబడి రక్తంలో పెరిగిన చక్కెర ఎముక నాణ్యతను దెబ్బతీస్తుందండీ. టైప్-2 మధుమేహం ఉన్నవారికి, సాంద్రత బాగున్నట్లు కనిపించినా, ఎముకలు విరిగే ప్రమాదం ఎక్కువ" అని చెప్పాడు. చక్కెరకు, ఎముకకు ఉన్న సంబంధాన్ని నేను మొదటిసారి గ్రహించింది పుస్తకంలో కాదు, ఆ మంచం పక్కన.

శస్త్రచికిత్స అయి ఇంటికి వచ్చిన కొద్దిరోజులకు, దగ్గరి బంధువు ఒకరు ఒక పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. ఎముక బలపడితే చక్కెర దానంతటదే దిగుతుందనీ, ఇది కొత్తగా శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సత్యమనీ, ఇక మాత్రలతో పని లేదనీ ఆయన నమ్మకంగా చెప్పారు. ఎలుకల ప్రయోగాల గురించి అప్పటికే ఎక్కడో చదివి ఉన్న నేను కూడా, "అందులో కొంత నిజం ఉందమ్మా" అన్నాను. పొడి అమ్మినవాని మాట కన్నా డాక్టరేటు చేసిన కొడుకు మాటే మా అమ్మకు ప్రమాణం. ఆమె మాత్రలు మానివేసింది. మూడు వారాలలో చక్కెర విపరీతంగా పెరిగింది. మానుతున్న గాయం మళ్లీ చీము పట్టింది. మరల ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా, సగం తెలిసిన విషయాన్ని పూర్తిగా తెలిసినట్లు చెప్పిన నా నాలుకకు నిజంగానే ఎముక లేదని ఆనాడు తెలిసింది.

ఆ తరువాత నేను ఈ విషయాన్ని శ్రద్ధగా చదివాను. 2020లో అమెరికాలో ఒక బృందం, జపాన్‌లో ఒక బృందం, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఆస్టియోకాల్సిన్ లేని ఎలుకలను కొత్తగా సృష్టించి పరీక్షించాయి. ఆ ఎలుకల రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది. వాటి ఎముకలోని ఖనిజ స్ఫటికాలలో మాత్రం తేడా కనిపించింది. అంతకుముందే, 2013లో, మనుషులకు సంబంధించిన మరొక విశ్లేషణ వెలువడింది. ఎముక కరగడాన్ని నిరోధించే మందులు వాడితే, తొలి సిద్ధాంతం ప్రకారం రక్తంలోకి వచ్చే ఆస్టియోకాల్సిన్ తగ్గి, చక్కెర పెరగాలి. అటువంటి మందులపై జరిగిన మూడు పెద్ద ప్రయోగాల వివరాలను పరిశీలిస్తే, మందు వాడినవారిలో మధుమేహం పెరగలేదని తేలింది. మధుమేహం ఉన్నవారి రక్తంలో ఆస్టియోకాల్సిన్ తక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. కాని అది తగ్గినందువల్ల వ్యాధి వచ్చిందా, వ్యాధి వచ్చినందువల్ల అది తగ్గిందా? పొగను, నిప్పును ఒకేచోట చూసినవాడు ఏది కారణమో, ఏది కార్యమో విచారించాలి కదా.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన మాటను మేఘునికి అప్పగించడం వరకు మనకు తెలుసు. ఆ మాట అలకాపురి చేరినట్లు, యక్షపత్ని దానిని విన్నట్లు కవి వర్ణించలేదు. అస్థి సందేశం స్థితి కూడా నేడు ఇంచుమించు ఇదే. ఎముక కొన్ని సందేశాలను పంపుతున్నది. చక్కెరకు సంబంధించిన సందేశం కొన్ని ఎలుకలలో చేరినట్లు కనిపించింది, మరికొన్ని ఎలుకలలో చేరలేదు. మనిషిలో చేరుతున్నదో లేదో ఇంకా తేలవలసి ఉంది.

దీనినిబట్టి ఎలుకల ప్రయోగాలు వ్యర్థమని నేను అనడం లేదు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనేవారు కుక్కల మీద ప్రయోగాలు చేసి ఇన్సులిన్ ప్రభావాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాది జనవరిలో 14 ఏళ్ల బాలునికి దానిని ఇచ్చారు. మొదటి మోతాదు ఆశించిన ఫలం ఇవ్వలేదు. దానిని మరింత శుద్ధిచేసి మళ్లీ ఇచ్చిన తరువాతనే ఆ బాలుడు కోలుకున్నాడు. జంతువులలో తెలిసిన సత్యం కోట్లమంది ప్రాణాలు నిలిపింది. 1994లో లెప్టిన్ అనే హార్మోన్ బయటపడినప్పుడు దాని కథ మరొక విధంగా నడిచింది. లెప్టిన్ లోపించి లావెక్కిన ఎలుకలకు దానిని ఇస్తే అవి సన్నబడ్డాయి. ఇక స్థూలకాయానికి మందు దొరికినట్లేనని లోకం సంబరపడింది. కాని స్థూలకాయులలో ఎక్కువమందికి లెప్టిన్ లోపం లేదు. వారిలో అది ఎంతో ఉండి కూడా పనిచేయడం లేదు. కనుక ఎలుక నుండి మనిషికి వేసే అడుగు కొన్నిసార్లు ఒడ్డు చేరుస్తుంది, కొన్నిసార్లు నీట ముంచుతుంది. ఆ అడుగు వేయకముందే ఒడ్డు చేరామని చాటడం శాస్త్రం కాదు, వ్యాపారం.

ప్రాచీన సాహిత్య విద్యార్థిగా మరొక మాట కూడా చెప్పాలి. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువులలో మేదస్సు తరువాతిది అస్థి. కొవ్వుకు, ఎముకకు సంబంధం ఉందని నేటి శాస్త్రం అనగానే, 'ఇదంతా మనవారు ఏనాడో చెప్పారు' అనేవారు బయలుదేరతారు. సుశ్రుతుడు 300 ఎముకలను, చరకుడు 360 ఎముకలను లెక్కించారు. దంతాల వంటివాటిని కూడా కలిపి లెక్కించడం వల్ల ఆ సంఖ్యలు నేటి లెక్కకు భిన్నంగా ఉన్నాయి. ఆ కాలంలో అంత శ్రద్ధతో దేహాన్ని పరిశీలించినందుకు వారికి నమస్కరిద్దాం. కాని వారికి ఆస్టియోకాల్సిన్ తెలుసునని చెప్పడం వారిని గౌరవించడం కాదు. వారు చెప్పని మాటను వారి నోట పెట్టడం అవుతుంది. చూసినది చూసినట్లు, లెక్కించినది లెక్కించినట్లు చెప్పడమే వారు మనకు చూపిన దారి.

మరి ఈ వివాదం తేలేవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోవాలా? అక్కరలేదు. వివాదం లేని సత్యాలు కొన్ని ఉన్నాయి. అవన్నీ మీ వయసుకు సంబంధించినవే. ఒక మనిషి జీవితకాలంలో కూడబెట్టుకోగల ఎముక సంపదలో సుమారు 90 శాతం బాలికలకు 18, బాలురకు 20 ఏళ్లు వచ్చేసరికి సమకూరుతుంది. బరువు పడినప్పుడే ఎముక గట్టిపడుతుంది. భారం తెలియని అంతరిక్షంలో నెలల తరబడి గడిపిన వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తగ్గుతుంది. పరుగెత్తుతున్న కండరం ఇన్సులిన్ ఆదేశం కోసం వేచి ఉండకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకొంటుంది. అంటే ఎముకకు మేలు చేసే ఆటే చక్కెరనూ అదుపు చేస్తుంది. నడుమ ఏ హార్మోన్ దౌత్యం నడిపినా, నడపకపోయినా, ఈ మేలు మాత్రం ఆగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు 5 నుండి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలన్నాయి. ఎముకలను బలపరిచే ఆటలు వారంలో కనీసం మూడు రోజులు ఉండాలన్నాయి. మన జూనియర్ కళాశాలలలో ఎన్నింటిలో ఈ 60 నిమిషాలు ఉన్నాయి? నేను పాఠం చెప్పిన కళాశాలలలో ఒకదానికి ఆటస్థలమే లేదు. మరొకచోట ఆట గంట కాలపట్టికలో ఉండేది, ఆ గంటలో గణితం జరిగేది. తెల్లవారి లేచినది మొదలు రాత్రి పొద్దుపోయేవరకు బల్ల ముందు కూర్చోబెట్టి, ఎండ పొడ సోకనివ్వక, ర్యాంకు కోసం పిల్లల ఎముకల వయసును హరించడం న్యాయమా? పోటీ పరీక్షల ఒత్తిడి నేను ఎరుగనిది కాదు. తల్లిదండ్రుల ఆశలు, అప్పులు కూడా ఎరుగుదును. కాని పోయిన మార్కులు మరుసటి ఏడాది తెచ్చుకోవచ్చు. పదహారవ ఏట కట్టవలసిన ఎముకను నలభయ్యవ ఏట కట్టుకోవడం సాధ్యం కాదు. ఆట గంటను గణితానికి ఇచ్చివేసినప్పుడు నేను ఎదురుచెప్పలేదు. ఆ మౌనంలో నా పాలు కూడా ఉంది.

విద్యార్థులారా! ఈ వ్యాసం నుండి మీరు ఒక హార్మోన్ పేరు గుర్తుంచుకున్నా, మరచిపోయినా నాకు పట్టింపు లేదు. కొత్త విషయం ఏదైనా మీ చెవిన పడినప్పుడు, ఇది ఎవరిలో రుజువైంది, ఎన్నిమార్లు రుజువైంది, కాదన్నవారు ఎవరు అని మూడు ప్రశ్నలు వేయండి. జవాబు దొరికేవరకు మీ ఇంటిలోని పెద్దల మందుబిళ్లలను ఎవరి మాట విని కూడా మాన్పించకండి. రాగులలో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన తాతలు తాగిన అంబలిని చిన్నచూపు చూడకండి. ఆట గంట మీ హక్కు. దానిని వినయంగా, విడవకుండా అడగండి.

మా అమ్మ ఇప్పుడు లేదు. కోలుకున్న తరువాత ఆమె చేతికర్ర ఊతంతో ప్రతి సాయంత్రం ఇంటి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసేది, రాత్రి భోజనానికి ముందు మాత్ర వేసుకొనేది. ఎముక ఆమెకు ఏ సందేశం పంపిందో నేను చెప్పలేను. ఆ నడక వల్ల ఆమె మరి కొన్నేళ్లు తన పని తాను చేసుకొంటూ జీవించిందని మాత్రం చెప్పగలను.